నాట్యంలో పీజీ చేయాలంటే: బెజవాడ, గుంటూరుల నుంచి ఎలా సిద్ధం కావాలి

చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నారు. డిప్లొమా అయింది, పక్కన డిగ్రీయో బీటెక్కో కూడా పూర్తయింది. ఇప్పుడు నాట్యంలోనే పీజీ చేసి, కుదిరితే పరిశోధన వైపు వెళ్లాలని ఉంది. ఇంట్లో మొదట అడిగేది "దాంతో ఉద్యోగం వస్తుందా?" అని. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ముందు ఒక్క విషయం తెలుసుకోండి. పీజీ సెలక్షన్‌కి కూర్చున్నవాళ్లు మీకు ఎన్ని ఐటమ్స్ వచ్చో లెక్కపెట్టరు. మీరు ఆడే నాట్యం గురించి మీకంటూ ఒక సందేహం ఉందా, దాన్ని ఆడుతూ చదువుతూ తేల్చుకునే ఓపిక ఉందా అని చూస్తారు. మన పిల్లలకు ఆట బాగానే వస్తుంది. తడబడేది ఈ సందేహం దగ్గరే. అందుకే ఇందులో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

ఏ రకం కోర్సు కావాలి?

నాట్యంలో పీజీలన్నీ ఒక్కలాంటివి కావు. మొదటి రకం ఎంపీఏ, అంటే మాస్టర్ ఆఫ్ పెర్‌ఫార్మింగ్ ఆర్ట్స్. ఒక నాట్యరీతిని పట్టుకుని, ప్రదర్శన, శాస్త్రం, చరిత్ర కలిపి చెబుతారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ కింద ఉన్న నాట్య విభాగం కూచిపూడి, భరతనాట్యాల్లో ఇలాంటి కోర్సు నడుపుతోంది. అక్కడే పీహెచ్‌డీ కూడా చేయొచ్చు. మనవాళ్లకు దగ్గర్లో, తక్కువ ఖర్చులో అయ్యేవాటిలో ఇదొకటి.

రెండో రకంలో మీరు నేర్చిన రీతి ఏదైనా ఫర్వాలేదు, మీరు కొత్తగా ఏం కూరుస్తారన్నదే చదువు. ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం పెర్‌ఫార్మెన్స్ ప్రాక్టీస్ పేరుతో, లండన్‌లోని ట్రినిటీ లాబాన్ క్రియేటివ్ ప్రాక్టీస్ పేరుతో ఇలాంటి కోర్సులు నడిపాయి. వీటిలో మీరు స్టూడియోలో చేసే పనే పరిశోధన. చివరికి ఒక ప్రదర్శన ఇస్తారు, అది ఎలా తయారైందో, అందులో ఏం తేలిందో రాతపూర్వకంగా కూడా ఇస్తారు. బ్రిటన్‌లో ఎంఏ సాధారణంగా ఏడాది, ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అయితే రెండేళ్లు.

మూడో రకం నాట్యం గురించి చదవడం, రాయడం. ఢిల్లీ జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్తటిక్స్ ఇలాంటిది. రెండు, మూడు రకాల మధ్యలో యూరప్‌లో కొరియోముండస్ అనే రెండేళ్ల ఉమ్మడి మాస్టర్స్ ఉంది. నార్వే, ఫ్రాన్స్, హంగరీ, ఇంగ్లండ్ విశ్వవిద్యాలయాలు కలిసి మొదలుపెట్టిన కోర్సు అది. నాట్యాన్ని ఒక ఊరి, ఒక సమాజపు వారసత్వంగా చూడటం దాని పద్ధతి. జానపద కళల మీద మనసున్నవాళ్లు దీన్ని తప్పకుండా చూడాలి.

మీది ఏ రకమో తెలియకపోతే మీరు ఖాళీ టైంలో ఏం చేస్తారో చూసుకోండి. గురువుగారి ఐటమ్‌నే ఇంకా బాగా ఆడాలని సాధన చేస్తుంటే మొదటిది. పాట వినగానే మనసులో కొత్త కదలికలు తోస్తుంటే రెండోది. పాత ఫొటోలు, పాత కళాకారుల కబుర్లు పట్టుకుని గంటలు గంటలు కూర్చుంటే మూడోది.

కాగితాల సంగతి

విజయవాడ దుర్గాపురంలోని ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో సర్టిఫికెట్, డిప్లొమా చేసినవాళ్లు చాలామంది ఉంటారు. అవి మీ శిక్షణకు గట్టి రుజువు, కానీ డిగ్రీ కిందికి రావు. పీజీకి డిగ్రీ వేరే ఉండాలి. అది నాట్యంలోనే అవ్వక్కర్లేదని చాలా చోట్ల ఒప్పుకుంటారు, కానీ ఏ కోర్సుకు ఏది చెల్లుతుందో ఆ ఏడాది నోటిఫికేషన్ చదివే తేల్చుకోండి. ఎవరో సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడొద్దు.

కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠం చాలా ఏళ్లు తెలుగు విశ్వవిద్యాలయం కింద నడిచింది. రాష్ట్రం విడిపోయాక ఆ విశ్వవిద్యాలయం లెక్కలు మారుతూ వచ్చాయి కాబట్టి, అక్కడ చేరాలనుకుంటే మొహమాటపడకుండా రెండు ప్రశ్నలు అడగండి: ఈ ఏడాది అడ్మిషన్ ఏ విశ్వవిద్యాలయం పేరు మీద? సర్టిఫికెట్ మీద ఏ పేరు వస్తుంది? రేపు నెట్‌కో (అధ్యాపక అర్హత పరీక్ష) పీహెచ్‌డీకో అప్లై చేసేటప్పుడు ఈ రెండూ అవసరమవుతాయి.

సందేహం ఎక్కడ దొరుకుతుంది?

చాలామంది "కూచిపూడిలో అభినయం మీద పరిశోధన చేస్తాను" అని రాస్తారు. అది విషయం మాత్రమే, దాంట్లో సందేహం లేదు. పైగా జీవితకాలం పట్టేంత పెద్దది. దాన్ని ఎలా చిన్నది చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ ప్రవేశం మీకు తెలుసు. ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర కింద పాదాలు, గజ్జెలు మాత్రమే కనిపిస్తాయి. భామ తన జడను తెర మీదుగా సభ వైపు వేస్తుంది. నన్ను మించిన కళాకారుడు ఈ సభలో ఉంటే వచ్చి ఈ జడ కోయండి అనే సవాలు అది అని పెద్దలు చెబుతారు. ఒకప్పుడు ఆ జడ వేసింది స్త్రీవేషం కట్టిన మగవాళ్లు. భామ వేషానికి వేదాంతం సత్యనారాయణశర్మ గారు ఎంత పేరు తెచ్చుకున్నారో చెప్పక్కర్లేదు. తర్వాత వెంపటి చినసత్యం గారు మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక, ఎక్కువగా అమ్మాయిలు ఆడే నాట్యంగా, ఒక్కరే చేసే ఐటమ్స్‌గా ఇది లోకమంతా తిరిగింది. ఇప్పుడు విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ప్రవేశ దరువు (పాత్ర తన్ను తాను పరిచయం చేసుకునే పాట) ఒక్కటే ఐటమ్‌గా చేస్తే చాలాసార్లు తెరే ఉండదు. సంగీతం మొదలవుతుంది, వింగ్ లోంచి భామ నడిచి వస్తుంది.

ఇక్కడ ఆగి అడగండి: తెర పోయాక ఆ సవాలు ఎక్కడికి పోయింది? జడ చెప్పాల్సిన గర్వాన్ని ఇప్పుడు ఒంట్లో ఏ భాగం చెబుతోంది? సవాలు విసిరేది మగవాడా, ఆడపిల్లా అన్నదాన్ని బట్టి సభకు అది వేరేగా అందుతుందా? ఇదీ సందేహమంటే. దీన్ని ఆడి చూడొచ్చు, పెద్దల్ని అడగొచ్చు, దీని గురించి చదవొచ్చు. ఒక ఎంఏకి సరిపోయేంతే ఉంటుంది.

ఇలాంటివి మన చుట్టుపక్కల ఎన్నో. దసరాకు ఇంద్రకీలాద్రి కింద కోలాటం బృందాలు చూడండి. ఒకే రంగు చీరలు కట్టుకుని పెద్దవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు, గృహిణులు వరుసలు కట్టి ఆడతారు. ఎన్నడూ డ్యాన్స్ క్లాసు గడప తొక్కని అత్తయ్యలు అంత కచ్చితంగా లెక్క ఎలా పట్టుకుంటున్నారు? వాళ్లకు నేర్పేదెవరు, ఫోన్ వీడియోలా, గురువులా? కార్తీకంలో కారంపూడి వెళ్తే పల్నాటి వీరుల ఉత్సవాల్లో కొణతాలనే వీరుల ఆయుధాలు, కత్తులు పట్టుకుని నడిచే నడక కనిపిస్తుంది. దాన్ని నాట్యం అనాలా, ఆరాధన అనాలా? కూచిపూడికి కూతవేటు దూరంలో మొవ్వ ఉంది, క్షేత్రయ్య ఊరు. ఆయన పదాలు అభినయానికి ప్రాణం లాంటివి. కానీ ఆ పదాలను తరతరాలు నిలబెట్టిన, వంశపారంపర్యంగా ఆడిపాడిన కలావంతుల కుటుంబాల ఆట 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం తర్వాత వేదికల మీద ఏమైంది? అమరావతి శిల్పాల్లో నాట్యభంగిమలు ఉన్నాయి. కొన్ని అక్కడి మ్యూజియంలో, చాలా భాగం చెన్నై ఎగ్మూర్‌లో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్‌లో సీటు వస్తే మన కృష్ణ ఒడ్డు రాయి దగ్గరే నిలబడి పనిచేసుకోవచ్చు!

చరిత్ర వైపు వెళ్లేవాళ్లకు ఇంకొకటి. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సులో కూచిపూడి శాస్త్రీయమా కాదా అనే చర్చ లేచింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో కూచిపూడి కోసమే ఒక సదస్సు పెట్టారు. శాస్త్రీయం అనిపించుకోవడానికి ఏవేవి ముందుకు తెచ్చారు, ఏవి వెనక్కి నెట్టారు అన్నది ఇంకా తవ్వాల్సిన చోటే.

ఒక్క హెచ్చరిక: "అంతరించిపోతున్న కళను కాపాడతాను" అని మాత్రం రాయకండి. సెలక్షన్‌లో కూర్చున్నవాళ్లు ఆ వాక్యం చదివి చదివి విసిగిపోయి ఉంటారు. పైగా ఆ కళ ఆడేవాళ్లను ముందు అడిగారా?

ఆడి చూడండి, రాసుకోండి

సందేహం దొరికాక అప్లికేషన్‌కి కనీసం మూడు నాలుగు నెలల ముందు పని మొదలుపెట్టండి. పైన చెప్పిన భామ ఉదాహరణే తీసుకుందాం. ఒకే దరువును మూడు రకాలుగా చేయండి. మొదటిసారి ఇద్దరు స్నేహితులతో దుప్పటి తెరగా పట్టించి. రెండోసారి తెర లేకుండా. మూడోసారి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, చుట్టూ మూడు వైపులా జనాన్ని కూర్చోబెట్టి. మిగతాదేదీ మార్చొద్దు. అదే పాట, అదే కూర్పు.

ప్రతిసారీ అదే సాయంత్రం నోట్‌బుక్‌లో రాయండి. మర్నాటికి మనసు దాన్ని అందంగా సర్దేస్తుంది. "బాగా వచ్చింది, సంతృప్తిగా ఉంది" లాంటివి పనికిరావు. ఇలా ఉండాలి:

"తెర లేకుండా చేశాను. జడ ఎక్కడ వేయాలో తెలియక చెయ్యి గాల్లో ఆగింది. ముఖం ముందే కనిపిస్తోంది కాబట్టి గర్వమంతా కళ్లలో పెట్టాల్సి వచ్చింది, రెండో చరణానికే కళ్లు అలిసిపోయాయి. తెర ఉన్నప్పుడు ఆ పని పాదాలు చేశాయి. అప్పుడు మడమ గట్టిగా వేశానని వీడియో చూశాక తెలిసింది. నేనలా వేస్తున్నట్టు ఆడేటప్పుడు తెలియలేదు."

ఈ ఐదారు వాక్యాల్లో ఒక పరిశోధన మొలకెత్తింది. ఇలాంటి పేజీలు ఇరవై ఉంటే ఇంటర్వ్యూలో మీకు టెన్షన్ ఉండదు, ఎందుకంటే కంఠస్థం చేసి చెప్పాల్సింది ఏమీ లేదు.

రాత తెలుగులోనే సాగనివ్వండి. ఒంటికి తెలిసిన సంగతి మొదట అమ్మభాషలోనే బయటికి వస్తుంది. ఇంగ్లిష్‌లోకి తర్వాత మార్చుకోవచ్చు.

వీడియో

రెండో రకం కోర్సులు సాధారణంగా వీడియో అడుగుతాయి. ఎక్కువమంది ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు: రంగప్రవేశం రోజు ప్రొఫెషనల్‌గా తీయించిన వీడియో పంపుతారు. అందులో పూలు, లైట్లు, మేకప్, స్టేజీ మీద పెద్దల సన్మానం అన్నీ ఉంటాయి, మీ సొంత ఆలోచన ఒక్కటే ఉండదు. ఆ కూర్పు మీ గురువుగారిది. అది పంపినా తప్పు లేదు, కానీ కింద "నృత్యకూర్పు ఫలానావారు, ప్రదర్శన నేను" అని స్పష్టంగా రాయాలి. దాంతోపాటు మీరే కూర్చింది మూడు నిమిషాలదైనా సరే, ఒకటి తప్పకుండా ఉండాలి.

తీసేటప్పుడు ఫోన్ అడ్డంగా పెట్టండి, నడుము ఎత్తులో, కదలకుండా. పాదాలు ఫ్రేమ్‌లో ఉండాలి. నాట్యం తెలిసినవాళ్ల చూపు మొదట పోయేది అక్కడికే. ఫ్యాన్ ఆపేయండి, లేకపోతే గజ్జెల మోత మీద గాలి హోరు వస్తుంది. మే నెలలో ఫ్యాన్ లేకుండా బెజవాడలో ఎవరూ ఆడలేరు కాబట్టి తెల్లవారుజామున తీయండి, కిటికీ వెలుగు కూడా బాగుంటుంది. గ్రానైట్ నేల మీద పదే పదే టేకులు తీస్తే మోకాళ్లు దెబ్బతింటాయి, దగ్గర్లోని స్కూల్లో చెక్క స్టేజీ ఉంటే అడగండి. కాటన్ చీరో ప్రాక్టీస్ డ్రెస్సో చాలు. ఫిల్టర్లు, స్లో మోషన్, మధ్యలో కట్లు వద్దు.

గురువుగారు, పెద్దలు

ఇది సున్నితమైన చోటు. సొంతంగా కూరుస్తున్నానని చెబితే కొందరు గురువులు నొచ్చుకుంటారు. వీడియో ఎక్కడో చూసి తెలుసుకోవడం కంటే మీరే వెళ్లి చెప్పడం మేలు. "మాస్టారూ, మీరు నేర్పిన దరువులో నాకో సందేహం వచ్చింది, దాన్ని చదువుకోవాలనుంది" అంటే కాదనేవాళ్లు అరుదు. చాలాసార్లు ఆ సందేహం ఆయనకూ ఉండే ఉంటుంది.

సిఫారసు లేఖ అడిగేటప్పుడు ఊరికే లెటర్ అనకండి. "వినయశీలి, క్రమశిక్షణ గల విద్యార్థిని" అని రాసిస్తారు, అది ఎక్కడా పనికిరాదు. మీరు ఏ కోర్సుకు వెళ్తున్నారో, ఏ ప్రశ్న పట్టుకున్నారో ఒక పేజీ రాసిచ్చి, సాధనలో మీరు మొండిగా పట్టుబట్టిన సందర్భం ఏదైనా గుర్తుంటే రాయమని అడగండి. తెలుగులో రాస్తే అనువాదం జతచేయొచ్చేమో ఆ కాలేజీనే అడగండి.

కూచిపూడి వెళ్లి పాతతరం కళాకారులతో మాట్లాడాలంటే బందరు రోడ్డున ఉయ్యూరు మీదుగా పామర్రు, అక్కడి నుంచి చల్లపల్లి దారి. ముందు ఫోన్ చేసి, వాళ్లకు వీలైన టైంకి వెళ్లండి. రికార్డ్ చేసేముందు అనుమతి అడగండి, అదీ రికార్డులో వినబడేలా. మాట్లాడింది యూట్యూబ్‌లో పెట్టొద్దు. కలావంతుల కుటుంబాల దగ్గరికి వెళ్తే ఇంకా జాగ్రత్త: ఇంటి ముందు నిలబడి పాత వృత్తి పేరు ఎత్తకండి, వాళ్లు పేరు రాయొద్దంటే రాయొద్దు. విదేశీ విశ్వవిద్యాలయాలు దీన్ని ఎథిక్స్ అప్రూవల్ పేరుతో కాగితం మీద అడుగుతాయి. మీరు ముందే అలవాటు చేసుకుంటే మంచిది.

ప్రతిపాదన రాయడం

వెయ్యి, పదిహేను వందల పదాలు. మొదటి పేరాలోనే సందేహం రావాలి. భరతుడితో, నటరాజుతో మొదలుపెట్టకండి. తర్వాత మీరు ఆడి చూసింది, అందులో తేలింది, తేలనిది. ఆ తర్వాత ఈ కోర్సులోనే ఎందుకు, అక్కడ ఎవరి పని మీకు దగ్గరగా ఉంది. చివర్లో మీకు ఏం కావాలో: స్టూడియో, లైబ్రరీ, ఒక సంగీతకారుడు, ఏదైనా.

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీలు ఈ స్టేట్‌మెంట్ రాసిపెడతామంటాయి. వాళ్లకు డేటా సైన్స్ సీట్లు బాగా తెలుసు, నాట్యం తెలియదు. అందరికీ వాడే మూసలో మీ పేరు పెట్టి ఇస్తారు. వీసా ఫారాలు నింపడానికి కావాలంటే వెళ్లండి, ఇది మాత్రం మీరే రాయండి.

పరీక్షలు, డబ్బు, ఉద్యోగం

కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ, ఆంధ్రలోని విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్ నోటిఫికేషన్లు చూస్తూ ఉండాలి. యూరప్ కోర్సులకు అప్లికేషన్లు సాధారణంగా చలికాలంలోనే ముగుస్తాయి, మనకు సంక్రాంతి వచ్చేసరికి కొన్నింటి గడువు దాటిపోతుంది.

డబ్బుకు మొదట చూడాల్సింది కేంద్ర సాంస్కృతిక శాఖ పథకాలు, వీటిని సీసీఆర్‌టీ (ఆ శాఖ కింద ఉన్న సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) చూస్తుంది. 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు, 25 నుంచి 40 ఏళ్లవారికి జూనియర్ ఫెలోషిప్ కింద నెలకు 10,000 చొప్పున రెండేళ్లు ఇస్తున్నారు. కొరియోముండస్ లాంటి యూరప్ ఉమ్మడి మాస్టర్స్‌కు ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ ఇప్పుడున్న లెక్కన నెలకు 1,400 యూరోలు. లండన్‌లో సొంత ఖర్చుతో చదవాలంటే ఫీజు, బతకడానికి అయ్యేది కలిపి ముప్ఫై లక్షలు దాటడం మామూలే. బ్రిటన్ వీసాకు చూపించే డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉండాలి. అప్పు చేసి వెళ్లేటట్టయితే నా మాట వినండి: ముందు ఇక్కడ ఎంపీఏ చేసి, అక్కడికి స్కాలర్‌షిప్ మీద వెళ్లండి. నాట్యం మీద వచ్చే సంపాదనతో ఆ ఈఎంఐలు కట్టడం కష్టం.

ఇక ఉద్యోగం. పర్మినెంట్ పోస్టులు తక్కువ, ఇంట్లోవాళ్లకు ఈ సంగతి దాచకండి. యూజీసీ నెట్‌లో నాట్యం, నాటకం, రంగస్థలం కలిపి ఒక సబ్జెక్టు ఉంది. పీజీలో 55 శాతం మార్కులుండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. అది పాసైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు అర్హత వస్తుంది. అందులోనే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. చాలా మందికి ఆ పీహెచ్‌డీ ఏళ్లే బతుకుతెరువు. మిగతావాళ్లు సొంత క్లాసులు, స్కూల్ ఉద్యోగం, ప్రదర్శనలు కలిపి నెట్టుకొస్తారు.

ఇంటర్వ్యూ రోజు

పాట లేకుండా ఆడమంటారు. లేదా మీ వీడియోలోని ఒక ముక్కను సగం వేగంలో చేయమంటారు, అదే ముక్కను కూర్చుని చేయమంటారు. స్పీకర్ ఆగిపోయినా, మృదంగం లేకపోయినా మీ జతి మీరే నోటితో చెప్పుకుంటూ ఆడగలగాలి. వారానికి రెండు రోజులు అలాగే సాధన చేయండి. "ఇలాగే ఎందుకు చేశావు?" అని అడిగితే "మా మాస్టారు ఇలాగే నేర్పారు" అన్నది నిజాయితీగల జవాబే, అక్కడితో ఆపకుండా ఆయన ఎందుకు అలా నేర్పి ఉంటారో మీకు తోచింది చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, నోట్‌బుక్ తెరిచి ఎక్కడిదాకా వచ్చారో చూపించండి.

పాట ఫోన్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి పెట్టుకోండి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్, గజ్జెలు రెండూ చేతి సంచిలోనే ఉండాలి. పెట్టెలో పెట్టి రైలెక్కితే, పెట్టె పోయిందంటే రెండూ పోయినట్టే.